మణికట్టు నొప్పి మీద పేపరు

మా అమ్మ గుడియాత్తంలో బీడీలు చుడుతుంది. చేట ఒళ్లో పెట్టుకుందంటే అన్నానికి తప్ప లేవదు. మణికట్టు నొప్పని ఎన్నిసార్లు వెళ్లినా ఊళ్లో డాక్టరు వయసు అనేవాడు. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. వేలూరులో పీజీ చేస్తూ నేను రాసిన మొదటి రీసెర్చ్ పేపరు అందుకే బీడీలు చుట్టే ఆడవాళ్ల మణికట్టు మీద.

రెండు జర్నల్స్ తిప్పి పంపాయి. మూడోది ప్రశ్నలు పంపింది. ప్రశ్నలు అడిగారంటే తలుపు ఓరగా తీసినట్టే కదా, నా కాళ్లు నేల మీద ఆనలేదు. కానీ ఒక ప్రశ్న దగ్గర గుండె జారింది. మీరు సర్వే తెలుగులో చేశామన్నారు, పంపిన ప్రశ్నాపత్రం తమిళ అక్షరాల్లో ఉంది, ఏది నిజం? ఇది తేలకపోతే పేపరు తీసుకోలేమన్నారు.

రెండూ నిజమే! మా వీధిలో మాట తెలుగు, బడిలో నేర్చిన అక్షరం తమిళం. సరుకుల చీటీ అయినా సరే, తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లోనే రాసుకుంటాం. ఆ ప్రశ్నలూ అలాగే రాశాను. అందులో వింతేముందో నాకు తట్టనే లేదు, ఇక పేపర్లో చెప్పేదేముంది?

మా గైడ్ ఇల్లు సత్తువాచారిలో. ఆదివారమని కూడా చూడకుండా వెళ్లి తలుపు తట్టాను. సంగతి విని ఆయన పడీపడీ నవ్వారు. ఇంత మంచి ముక్క దాచుకున్నావేం, రాయి అన్నారు. వాళ్ల భోజనాల బల్ల మీదే ఒక పేరా రాసేశాను. తెలుగు లిపి కాలేజీకొచ్చాక నేర్చుకున్నాను కాబట్టి, ప్రశ్నలన్నీ ఆ లిపిలోనూ రాసి జతచేశాను. ఇంత సంతోషంగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు.

పంపిన కొన్ని వారాలకు, కాట్పాడి బస్సులో ఉండగా మెయిల్ వచ్చింది. పేపరు తీసుకున్నారు! ఆగలేక పక్క సీటు ఆవిడకు చెప్పేశాను. ఆవిడకేం అర్థమైందో గానీ, సంచిలోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టింది.

పండు తినకుండానే అమ్మకు ఫోన్ చేశాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"దాంట్లో వయసని రాయలేదు గదా పాపా?"

"లేదుమా. పని వల్లనే అని రాసినాను."



"సరే, ఒక కాపీ ఎత్తుకోనిరా. ఆ డాక్టరుకు నేనే చూపిస్తాను."