‘స’ లేని భాష

మాదాపూర్‌లోని మా గేమ్ కంపెనీ కొత్త ఆటలో అడవి మనుషులకు ఒక భాష కావాలంటే, చిన్నప్పుడు నేనూ అక్కా కల్పించుకున్నదే ఇచ్చాను. అందులో ‘స’ లేదు. అప్పటికి అక్కకు ముందుపళ్లు ఊడి ఉన్నాయి. పళ్లొచ్చాక కూడా ఆ నియమం మార్చనివ్వలేదు. ప్రతి వాక్యం చివరా ఎదుటి మనిషిని పిలవాల్సిందే. అక్క నన్ను ‘లూమో’ అనేది.

“స లేకుంటే గుసగుసలెట్లాడుతరు? జర చూడు,” అన్నాడు మా టీమ్ లీడ్. ససేమిరా అన్నాను.

అక్క పోయి మూడేళ్లు. రికార్డింగ్ రోజు, గొంతు ఇచ్చే అమ్మాయి ఆ భాషలో నేను రాసిచ్చిన ‘తలుపు తియ్యి’ అనే అర్థం వచ్చే వాక్యం చదివి, చివర “లూమో” అంది. ఎక్కడా తప్పు లేదు. అయినా అద్దానికి ఇవతల నుంచి, “ఇంకోసారి చెప్పండి,” అన్నాను.