సిస్టర్ కాదు, ఆఫీసర్

లాల్‌దర్వాజా బోనాలకు నాలుగు రోజుల ముందు, బుధవారం పొద్దున ఆరూ పదికి, చాయ్ వడగడుతుంటే కుడి చేతిలోంచి గిన్నె జారింది. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసినదాన్ని. అది స్ట్రోక్ అని వెంటనే తెలిసింది. కూతురు సుజాతను పిలవబోతే నోట్లోంచి ‘సిస్టర్’ అని వచ్చింది. నీళ్ళు అనబోయినా అదే మాట.

స్కాన్ చూసి డాక్టరు సుజాతతో అన్నాడు: “లెఫ్ట్ సైడ్ ఇన్‌ఫార్క్ట్, మెదడుల ఎడమ దిక్కు రక్తం ఆగింది. ఇట్ల మాట పోవుడును అఫేసియా అంటరమ్మా. ఆమెకు అంతా సమజైతది, చెప్పరాదు. గా ఒక్క మాటే మిగిలింది.”

అది నా ఉద్యోగమంతా జనం నన్ను పిలిచిన మాట. మేము ట్రైనింగ్‌లో చేరిన రోజుల్లో, పీతులెత్తే పని అని నర్సులకు ఇల్లు కిరాయికి ఇచ్చేవారు కాదు. ఈ పని మొదట కన్యాస్త్రీలు చేశారని, సిస్టర్ అన్న పిలుపు వాళ్ళ నుంచే వచ్చిందని, పిలిస్తే పోయి తీరాలని మా ట్యూటరమ్మ చెప్పేది. గాజు సిరంజిలు ఉడకబెట్టిన కాలం నుంచి డిగ్రీల కాలం దాకా వచ్చాం. ఉద్యోగానికి తగిన పేరు కావాలని ధర్నాలో నేనూ ఎండకు కూర్చున్నాను. నేను రిటైరయ్యాక ఆ పేరు వచ్చింది: నర్సింగ్ ఆఫీసర్.

కుడి చెయ్యి పడిపోయింది. మూడో రోజు ముక్కులోని ట్యూబ్ లాగేసుకున్నానని, కదిలే ఎడమ చేతిని మంచం కమ్మికి కట్టేశారు. మెదడు వాపు తగ్గడానికి మానిటాల్ ఎక్కిస్తున్నది ఆ చేతికే. మధ్యాహ్నం విజిటర్లను బయటికి పంపాక మందు నరం దాటి కండలోకి పోసాగింది. దుప్పటి కింద చెయ్యి బిగిసి మండింది. ఏం జరుగుతున్నదో నాకు తెలుసు. “సిస్టర్” అన్నాను.

వార్డుకంతా డ్యూటీలో ఒక్కతే నర్సు, చిన్న అమ్మాయి. మొదట్లో పిలిచిన ప్రతిసారీ వచ్చింది. వచ్చినా నాకు మరో మాట రాలేదు. ఆ రోజు టేబుల్ దగ్గరి నుంచి లేవలేదు. “పొద్దటి సంది గదే రికార్డు. సిస్టర్ గాదమ్మా, ఆఫీసర్ అను. అప్పుడొస్త.”

పక్క మంచం మీది ఉస్మాన్‌గంజ్ సేటు భార్య నవ్వింది. “అనరాదు ముసలమ్మా, ఆఫీసర్ అని. జర నోరు తిప్పు.” నేను అరిచాను, అదే మాట. వార్డంతా నవ్వింది.

సాయంత్రం సుజాత వచ్చి దుప్పటి ఎత్తింది. చెయ్యి మోచేతి దాకా ఉబ్బి నీలం తిరిగింది. “కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, లోపటి వాపుకు వేళ్ళకు రక్తం అందలే. జర ముందు చూసుంటే వేళ్ళు దక్కేటివి” అన్నాడు సర్జన్. లోపలి ఒత్తిడి తగ్గడానికి వెంటనే చెయ్యి కోసి తెరిచారు. పన్నెండో రోజున రెండు వేళ్ళు తీసేశారు.

ఆ అమ్మాయి వచ్చి మంచం పక్కన నిలబడి ఏడ్చింది. “నాకెట్ల తెలుస్తదమ్మా, గదే మాటంటే?” జవాబు చెప్పబోయాను. ‘సిస్టర్’ అనే వచ్చింది.

ఏడాదిన్నర అయింది. స్పీచ్ థెరపీతో మాటలు చాలావరకు తిరిగి వచ్చాయి. ఇది మిగిలిన మూడు వేళ్ళతో రాస్తున్నాను. మీ ఇంట్లో మాట పోయినవారు ఒకే మాట పదేపదే అంటుంటే దానికి అర్థం వెతకకండి. దుప్పటి ఎత్తి, సెలైన్ పెట్టిన చెయ్యి చూడండి.

పోయినవి: కుడి చెయ్యి. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు. ఉంగరం సుజాత దగ్గర ఉంది, అది లెక్కలో లేదు. సిస్టరమ్మా అన్న పిలుపు. బస్తీలో ఎవరైనా అలా పిలిస్తే ఇప్పుడు పలకను.