మొగుడి పేరు

పగటి పూటకు గది అడిగే జంటలంటే నాకు విసుగు. భార్యాభర్తలమంటారు. ఔనో కాదో తేల్చాల్సింది లాడ్జి మేనేజరునైన నేను.

ఇవాళ పొద్దున్న, రాత్రి డ్యూటీ దిగిన రైలింజను ఫైర్‌మన్ ఒకడు, ఒంటి మీద బొగ్గుమసి కూడా కడుక్కోకుండా, ఒకామెను వెంటబెట్టుకొచ్చాడు. సాయంత్రం దాకా గది కావాలట. ఊరు హిందీవాళ్ల రైల్వే ఊరైనా, మాట వింటే మన విజయనగరం వైపు మనుషులే.

“అచ్ఛా, నీ మొగుడి పేరేటమ్మా?” అని ఆమెను అడిగాను. తల వంచుకుందే గాని నోరు విప్పలేదు.

“ఏటి బాబూ, ఆడది మొగుడి పేరెలా సెప్తాది?” అన్నాడతను. “మా క్వార్టర్లో ఇంటిల్లిపాదికీ ఒక్కటే గది. మేమిద్దరం మాటాడుకోడానికి సోటేది?”

పేరు చెప్పలేదు కాబట్టి పెళ్లామే అనుకుని తాళంచెవి ఇచ్చాను. కాసేపటికే మేడ మీద కేకలు మొదలయ్యాయి. అత్తగారు అన్న సూటిపోటి మాటలన్నీ ఆమె నోట వరసగా బయటికొచ్చాయి. చివరికి “ఒరే అప్పలసూరీ, మీయమ్మ ముందర నీకు నోరు పెగలదేటిరా!” అన్న ఆమె అరుపు వీధి చివరి సదర్ బజార్ దాకా వినబడే ఉంటుంది.

సాయంత్రం ఇద్దరూ తేలికపడ్డ మొహాలతో దిగారు. ఆమె నెత్తిన కొంగు కప్పుకుని అతని వెనకే నడిచి వెళ్లింది.

నాకు నవ్వు రాలేదు. మా అన్నయ్య క్వార్టరు వసారాలో మా కాపురం. మా ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

మీ ఇళ్లలో దెబ్బలాడుకోవడానికి చోటుందా? మా ఆవిడ నోట నా పేరెలా ఉంటుందో నాకింతవరకు తెలియదు.