ముందు కొత్తవాళ్ళని అడగండి

మా పక్కింటి మావయ్య పోయాడని చెప్పడానికి పొద్దున్నే ఝాన్సీకి ఫోన్ చేశాను. అది విని మెల్లగా, "మరి పాపయ్య?" అంది. అంతవరకూ ఏడుస్తున్నదాన్ని ఫక్కున నవ్వేశాను. వింటే మావయ్య కూడా నవ్వేవాడు.

పాపయ్య ఎవరో తెలియాలంటే మా ఆట సంగతి చెప్పాలి. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మేం నలుగురం కథల ఆట ఒకటి మొదలుపెట్టాం. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో మనుషులవుతారు, కత్తి వేటు తగిలిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ నడిపేది నేను. ఆదివారాలు ముదినేపల్లి నుంచి ఝాన్సీ, గుడివాడ నుంచి మిగతా ఇద్దరూ బస్సెక్కి బందరు వచ్చేవాళ్ళు. మా ఇంట్లో నలుగురు కూర్చుంటే ఐదోవాళ్ళకి చోటుండదు. అందుకని మావయ్య వరండాలో చాప పరిచేవాళ్ళం. ఆయన ఓ మూల వల బాగుచేసుకుంటూ ఉండేవాడు. ఒకప్పుడు బోటు నడిపిన సరంగు. మోకాళ్ళు మొరాయించాక వేట మానేశాడు గానీ వల మానలేదు.

మా కథలో దివిసీమ రేవు దగ్గర రాత్రిపూట బందిపోట్లు ఎదురైతే, ఎనిమిదిమందీ చచ్చేదాకా కొట్టుకునేవాళ్ళు. ఒక్క పోట్లాటకే మధ్యాహ్నమంతా అయిపోయేది. మూడో ఆదివారం మావయ్య అల్లే సూది పక్కన పెట్టాడు.

"ఏవమ్మాయ్, మీ దొంగలకి పెళ్ళాం పిల్లలు లేరా?"

"అదేంటి మావయ్యా?"

"ఐదుగురు పడిపోయాక ఆరోవాడింకా కత్తి పట్టుకుని నిలబడ్డాడేంటే? నేనైతే మొదటోడు పడగానే లంగరు పీకేద్దును."

"దొంగలు కదండీ మావయ్యగారూ, మొండివాళ్ళు," అంది ఝాన్సీ.

"అంత మొండోడైతే పట్టపగలే వచ్చేవాడమ్మా."

ఇంటికెళ్ళి చూస్తే, ఇలాంటి ఆటల పాత నియమాల్లో అది ఉండనే ఉంది. చిన్న విషయం కదా అని నేనే వదిలేశాను. ప్రతి ముఠాకి ధైర్యం ఇంత అని ఒక అంకె. మొదటివాడు పడ్డప్పుడు ఒకసారి, సగంమంది పోయాక ఇంకోసారి రెండు పాచికలు వెయ్యాలి. మొత్తం ఆ అంకె దాటితే పారిపోతారు, లేదా లొంగిపోతారు. రెండుసార్లూ తట్టుకుంటే ఇక చివరిదాకా నిలబడతారు. ఆ అంకెకి మేం 'గుండె' అని పేరు పెట్టుకున్నాం. మావయ్యకి చదివి వినిపిస్తే, "ఇది రాసినోడు ఎప్పుడో వేటకెళ్ళుంటాడు," అన్నాడు.

ఆ రోజు నుంచి శత్రువుల గుండె ఆయన చేతిలోనే. చుట్టల డబ్బాలో పాచికలు గలగలా ఆడించి చాప మీద గుమ్మరించేవాడు. పారిపోయేవాడి కేకలు కూడా ఆయనే పెట్టేవాడు. ఇంకో నియమం కూడా కలిపాడు. ముఠాలో కొత్తవాడి పాచిక ముందు పడాలి. వాడు పారిపోతే మిగతావాళ్ళ గుండె ఒకటి తగ్గుతుంది. ఎందుకు మావయ్యా అంటే తన బోటు సంగతి చెప్పాడు. ఆకాశం మారితే, ముందుకెళ్దామా వెనక్కి తిప్పుదామా అని కొత్తగా ఎక్కిన కళాసీని మొదట అడిగేవాడట.

"పెద్దోడు ముందే 'ఏం కాదులే' అన్నాడనుకో, కొత్తోడు భయం మింగేస్తాడు. మింగిన భయం నడి సముద్రంలో కక్కుతాడు."

పాపయ్య ఒక మామూలు బందిపోటు. పేరు పెట్టింది మావయ్యే. మాతో నాలుగుసార్లు తలపడి, నాలుగుసార్లూ మడ అడవుల్లోకి పరుగు తీశాడు. ఒకసారి ఒక చెప్పు కూడా వదిలేసి పోయాడు. ఝాన్సీ తరుముతానంటే మావయ్య ఒప్పుకోలేదు. "భయపడ్డోడికి దారి వదలాలమ్మా." ఐదోసారి కథలో వరదొచ్చి మేం లంకలో చిక్కుకుపోతే, ఒంటి చెప్పుతో పడవేసుకుని వచ్చి దాటించింది ఆ పాపయ్యే. "చూశారా! ఆ రోజే చంపేసుంటే ఇప్పుడు ఈదుకుంటూ పోయేవాళ్ళు," అని మావయ్య తొడ కొట్టుకున్నాడు.

మూడో ఏడు నాకు నాలుగు సబ్జెక్టులు పోయాయి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. చదివించాలా, మాన్పించాలా అని నాన్న గొంతు సవరించుకునేసరికి గుమ్మంలో మావయ్య.

"ఆగరా. ముందు దాన్నడుగు. ఈ ఇంట్లో చదువు పడవ ఎక్కిన కొత్త మనిషి అదేగా."

బాగానే రాస్తానులే అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. నోట్లోంచి మాత్రం "భయంగా ఉంది" అని వచ్చింది. నాన్న ముందు ఆ మాట అనడం అదే మొదలు.

"సరే," అన్నాడు మావయ్య తాపీగా. "పడవ అమ్మేస్తావా, ఒడ్డుకొచ్చి మళ్ళీ వెళ్తావా?"

అవి రెండూ వేరని నాకు అప్పటిదాకా తెలియదు. ఆసారి రెండు రాశాను, తర్వాత రెండు. డిగ్రీ ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు బందరులోనే ఉద్యోగం, ఆదివారాల ఆట ఇంకా సాగుతోంది. నాన్న నా జీతం కంటే ఆ డిగ్రీ సంగతే ఎక్కువమందికి చెబుతాడు.

చివర్లో మావయ్యని ఆస్పత్రిలో చేర్చారు. విజయవాడ తీసుకెళ్దామా వద్దా అని కొడుకూ కోడలూ మంచం పక్కనే తర్జనభర్జన పడుతుంటే, ఆయన చెయ్యెత్తాడు. "ఆస్పత్రికి కొత్తోణ్ణి నేను. ముందు నన్నడగండి." అడిగారు. "ఇంటికి," అన్నాడు.

వరండాలోకి తిరిగొచ్చి, ఆ వచ్చిన ఆదివారం ఆట కూడా ఆడాడు. కథలో పాపయ్య పడవని కొత్త ముఠా చుట్టుముట్టింది. పాపయ్య మా పక్షానికి వచ్చినా వాడి పాచికలు ఇంకా మావయ్యవే. డబ్బా అందుకుని, "అలసటగా ఉందే, వచ్చే వారం వేస్తాలే," అన్నాడు. ఝాన్సీ ఫోన్‌లో అడిగింది ఆ పాపయ్య గురించే.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం మళ్ళీ చాప పరిచాం. డబ్బా మధ్యలో పెట్టాం. ఎవరమూ ముట్టుకోలేదు. లోపల్నుంచి అత్త వచ్చి చాప అంచున కూలబడింది. ఇన్నేళ్ళలో మాకు టీ ఇవ్వడమే తప్ప ఎప్పుడూ ఆడలేదు.

"ఇలా తేండి. ఇక్కడ కొత్తదాన్ని నేనేగా."

పాచికలు పడ్డాయి. ఆరు, ఐదు. పాపయ్య గుండె దాటేసింది.

"అంటే ఏంటే?"

"ఇంటికెళ్ళిపోతున్నాడత్తా."

"వెళ్ళనివ్వండి," అంది అత్త.

నేను కథ అందుకున్నాను. పాపయ్య తెడ్డు తిప్పాడు. ముఠా దారి వదిలింది. ఎవరూ వెంటపడలేదు. మడచెట్ల మధ్యకి పడవ మెల్లగా వెళ్ళిపోతోంది. అంచు మీద వేలాడుతున్న కాళ్ళలో ఒకదానికే చెప్పుంది.