అలిగిన కోత మేస్త్రీ

కోత మిల్లులో పెద్ద రంపం నడిపే మేస్త్రీకి కోపం ముక్కు మీదే ఉండేది. యజమాని ఒకరోజు ఆ రంపాన్ని మేస్త్రీ సొంత తమ్ముడికి అప్పగించి, ఆయన్ని చిన్న రంపం మీదికి మార్చాడు. మేస్త్రీ చేతి తొడుగులు యజమాని బల్ల మీద పడేసి ఇంటికి వచ్చేశాడు.

"నేను లేకుండా మిల్లు ఎలా నడుస్తుందో చూస్తా" అన్నాడు భార్యతో.

పుస్తకాలు కుట్టే చోట పనిచేసే కూతురు, అట్ట వంకరగా అంటుకుని అమ్మకానికి పనికిరాని పుస్తకమొకటి తెచ్చింది. గ్రీకుల పాత యుద్ధకావ్యం, వాడుక తెలుగులో వచ్చిన కొత్త అనువాదం. మేస్త్రీ విసుక్కుంటూనే తెరిచి, పైకి చదవడం మొదలుపెట్టాడు. మొదట్లోనే ఒక మహావీరుడు, తన వంతుకు వచ్చిన బందీ అమ్మాయిని రాజు లాక్కున్నాడని అలిగి, యుద్ధం మానేసి కూర్చున్నాడు.

మేస్త్రీ నిటారుగా లేచి కూర్చున్నాడు. "విన్నావా! రోషమంటే ఇదీ."

"ఆడపిల్లని సామానులా లాక్కోవడం, దానికి మళ్ళీ అలకొకటి" అంది భార్య వంటగదిలోంచి.

వీరుడు లేని సైన్యం చితికిపోయే ఘట్టాన్ని ఆయన గొంతు పెంచి మరీ చదివాడు. భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఆయన అలిగితే సైన్యం చచ్చింది. నువ్వు అలిగితే ఏమైంది? రంపం మోత ఇక్కడిదాకా వినిపిస్తూనే ఉంది. మీ తమ్ముడు నీకంటే నున్నగా కోస్తున్నాడంట."

"ఎవడు కూశాడు?"

"వెళ్ళి నువ్వే చూసుకో."

వెళ్ళాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. పలకలు ఒకే మందంతో వచ్చి పడుతున్నాయి. దుంగ ఇరుక్కోవాలనీ, బ్లేడు తెగాలనీ కాచుకుని చూశాడు. ఏదీ జరగలేదు. తమ్ముడు ఆయన్ని చూసి రంపం ఆపి వచ్చాడు.

"అన్నయ్యా, లోపలికి రా. టీ తాగుదాం."

"నా రంపం దగ్గర నిలబడి నాకే మర్యాదలా? ఇంకెప్పుడూ నీ మొహం చూపించకు."

మిగతా పుస్తకం మనసులోనే చదువుకున్నాడు. ప్రాణస్నేహితుడు చచ్చాకగానీ వీరుడు కత్తి పట్టలేదు. చివర్లో శత్రువుల ముసలి రాజు, తన కొడుకును చంపిన ఆ వీరుడి చేతులే ముద్దుపెట్టుకుని శవాన్ని ఇమ్మని అడుగుతాడు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. మేస్త్రీకి ఒళ్ళు మండింది. పుస్తకాన్ని కూతురి మంచం మీదికి విసిరాడు.

"అంతా బాగా రాసి చివర్లో తగలేశారు. శత్రువు ముందు కూర్చుని ఏడ్చేవాడు ఎవడే?"

"నువ్వైతే కాదులే నాన్నా."

తర్వాత ఆయన మరో మిల్లులో చేరాడు, చిన్న రంపం మీదే. తమ్ముడి కొడుకు పెళ్ళికి భార్యా కూతురూ వెళ్ళారు. తనకు పిలుపే రాలేదని ఆయన అందరితో చెప్పుకున్నాడు. పిలవడానికి తమ్ముడు స్వయంగా వస్తే, మొహం మీదే తలుపు వేసింది ఆయనే.