పదో తరగతి గదిలో మా పక్కలు

ఎల్బీనగర్ చౌరస్తాలో ట్రక్కు దిగేసరికి మధ్యాహ్నం రెండు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఆ రోజు బంద్. మా కేంద్ర బలగాల ప్లటూన్‌కి బస దిల్‌సుఖ్‌నగర్ వెనక వీధిలోని సర్కారు హైస్కూలు. బెంచీలు బయటికి, మా పక్కలు లోపలికి. నాకు పదో తరగతి గది దొరికింది. హెల్మెట్, షీల్డు, లాఠీ. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా రోడ్డు మీద. కాశ్మీర్ చూసొచ్చినవాళ్లం, ఇదో డ్యూటీయా అనుకున్నాం.

ప్లటూన్‌లో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే, ఆదిలాబాద్ వాణ్ణి. నాకు గేటు కాపలా పడ్డ రోజు ఒకామె వచ్చింది. నల్గొండ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లట. ఇదే బడిలో పదో తరగతి చదివే కూతురు స్వరూపకి టీసీ కావాలంది.

"పరీక్షలు దగ్గరికొచ్చినంక టీసీ ఏందక్కా?"

"బడేడుంది తమ్మీ? బందులకే సగం రోజులు పాయె. ఇప్పుడు మీరొచ్చి పండిండ్రు. పిల్ల ఇంట్ల కూసోని ఏం జేస్తది? బ్లౌజులు కుట్టే దుకాణంల పెట్టిన. పని మంచిగ చేతికొచ్చింది. ఇగ బడెందుకు?"

చదువంటే గిట్టకే పిల్లలు బడి మానేస్తారని అనుకునేవాణ్ణి. కాదు. బడి కొన్నాళ్లు మూతపడుతుంది, ఆ సందులో పని వచ్చి కూర్చుంటుంది. ఆ మూతపడ్డ బడిలో నేను కాళ్లు చాపుకుని పడుకుంటున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

మా హవల్దార్‌కి చెప్పాను. హర్యానా మనిషి. మీసం దువ్వుకుంటూ విని, వైర్‌లెస్ అందుకుని పై ఆఫీసరుతో హిందీలో మాట్లాడాడు.

"సార్, ఒక గది పిల్లలకిచ్చేస్తాం. ఓవర్."

"మరి జవాన్లెక్కడ పడుకుంటారు? ఓవర్."

"వరండాలో సార్, దోమలతో. ఓవర్."

అటువైపు నవ్వు. "మంజూర్. అవుట్."

మర్నాడు బెంచీలు లోపలికెళ్లాయి. పాఠం చెప్పడానికొచ్చిన లెక్కల సారుది కోస్తా. గేటు ముందు ధర్నాలో ఉన్నవాళ్లను చూసి ఆగిపోయాడు.

"నన్ను లోపలికి వెళ్లనిస్తారంటారా బాబూ?" అని నన్నడిగాడు.

ధర్నాలో ఒక పెద్దాయన లేచాడు. "పదోక్లాసు సారు గదా, పోనియ్యిండ్రి. మా పోరగాండ్లు సుత గీన్నే సదువుతరు."

లాఠీలు పట్టుకున్న మేమూ, జెండాలు పట్టుకున్న వాళ్లూ జరిగి ఆయనకు దారిచ్చాం. రోజూ పొద్దున ఏడింటికి క్లాసు మొదలయ్యేది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. స్వరూప మాత్రం రాలేదు. డ్యూటీ దిగాక రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. "చూస్తం తీ తమ్మీ" అనేది వాళ్లమ్మ.

తిరుగు ప్రయాణానికి ఆర్డర్ వచ్చింది. ఉదయాన్నే సామాను ట్రక్కెక్కించాం. ఇన్నేళ్ల సర్వీసులో దేనికి కాపలా కాశావని ఎవరడిగినా ఆ గది పేరే గర్వంగా చెబుతాను. ఎందుకంటే ట్రక్కు కదిలే ముందు కిటికీలోంచి చూశాను. సారు బోర్డు మీద లెక్క రాసి, ఎవరు చేస్తారని అడిగాడు. చివరి బెంచీలో, మెడలోని కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి, స్వరూప చెయ్యెత్తింది.