రెండు వేళ్ళు

కొత్త మార్కర్ పెన్ను మూత తీయగానే వచ్చే ఘాటైన వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు ఖాదర్ బాషా సార్ గుర్తుకొస్తారు. మొన్న కడప ఆఫీసులో మూడు నెలల ప్రణాళిక కోసం గోడకు తెల్లకాగితాలు అంటిస్తుంటే మళ్ళీ అదే జరిగింది.

ఆయనది కోడుమూరు. మా కంపెనీలో ఆయన ఉద్యోగం పేరు రిలీజ్ ట్రైన్ ఇంజినీర్. రాజంపేటలో మా నాన్నకు ఆ మాట చెబితే, "రైల్వేలో చేస్తాండాడా ఆయప్ప?" అని అడిగాడు. నిజానికి మేం ఆసుపత్రుల ల్యాబ్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. ఎనిమిది టీములు తలో భాగం రాస్తాయి. ఒకరి పని ఆగితే ఇంకొకరిది కదలదు. టీములో ఏ పని ముందో ప్రాడక్ట్ ఓనర్ తేలుస్తాడు, ఆ పనికి అడ్డొచ్చేవాటిని స్క్రమ్ మాస్టర్ తొలగిస్తాడు. ఎనిమిది టీములూ కలిసి కదిలేలా చూడటం సార్ వంతు. ఆ పనిని ఆయన తన గదిలో కూర్చుని చేయగా నేను చూడలేదు. ఎవరికి ఇబ్బంది వచ్చినా వాళ్ళ పక్కకు వచ్చి, "యాడ తట్టుకుంటాండాది, చూపియ్యి" అనేవారు.

నేను స్క్రమ్ మాస్టర్‌నైన కొత్తలో, టీములన్నీ కడపలో ఒక కల్యాణమండపంలో రెండు రోజులు కలిసి కూర్చున్నాయి. రిపోర్టు నేరుగా రోగి ఫోనుకే వెళ్ళే సదుపాయం మూడు నెలల్లో తేవాలి. ఒకే పేరు, ఒకే వయసు ఉన్న రోగులను వేరుచేసే భాగం మా టీముది. దానికి కావలసిన వివరాలు ఇంకో టీము ఇవ్వాలి. ఏ పని ఏ వారంలో అవుతుందో రాసి గోడకు అంటించిన చీటీలు చూస్తే, అవి మాకు చివరి వారంలోగానీ రావని అర్థమైంది. ఇక పరీక్షించడానికి సమయమే ఉండదు. అయినా నోరు విప్పలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దల ముందు, అంతమంది పనికి నేనే అడ్డుపడినట్టవుతుందని భయం.

చివర్లో ఈ ప్రణాళిక మీద ఎంత నమ్మకముందో అందరూ వేళ్ళతో చూపించాలి. ఐదు వేళ్ళంటే పూర్తి నమ్మకం. హాలంతా నాలుగులు, ఐదులు. నేను రెండు వేళ్ళు సగం ఎత్తి, చుట్టూ చూసి దించేశాను.

"వాణమ్మా, ఆ చెయ్యి మళ్లా ఎత్తు," అన్నారు సార్ మైకులో.

చెప్పాను. వివరాలు చివరి వారంలో వస్తే పరీక్షించలేమన్నాను. హైదరాబాదు పెద్దల్లో ఒకరైన ప్రాడక్ట్ మేనేజర్ విసుక్కున్నాడు. "రెండు రోజులుగా ఇక్కడే ఉన్నారు కదా, ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడన్నా చెప్పినాది కదప్పా. మూడు నెలలు పోయినాక తెలిసింటే ఏం చేస్తాంటిమి?" అన్నారు సార్, గొంతు పెంచకుండానే.

బస్సులకు వేళవుతోందని ఎవరో గొణిగినా ఆయన వినిపించుకోలేదు. కొత్త మార్కర్ మూత తీసి, రెండు టీములనూ గోడ దగ్గరికి పిలిచారు. ఇంకో గంట పట్టింది. మాకు కావలసిన వివరాలు మొదటి వారాలకు జరిగాయి. దానికి బదులుగా, రిపోర్టును రంగుల గ్రాఫులుగా చూపించే పని వాయిదా పడింది.

ఆరో వారంలో మేం పరీక్షిస్తుంటే, ఒకే పేరున్న ఇద్దరు స్త్రీల రిపోర్టులు తారుమారయ్యాయి. అవి మేం సృష్టించుకున్న పేర్లే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తెర మీద జబ్బున్నామెకు ఏ జబ్బూ లేదని కనబడేసరికి పరీక్ష అక్కడే ఆపేశాను. సార్‌ని పిలిచి చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ముందు ఉద్యోగంలో నేనూ ఒకసారి ఐదు వేళ్ళు చూపించినా, వాణమ్మా. మనసులో ఒకటే ఉండె. యాడనో ఒక ముసలాయన మందుల చీటీ తప్పు పడింది. ఆయన బతికినాడు. నాకే శానా దినాలు నిద్ర రాలా. అప్పటి నుంచీ దించే చేతుల్నే చూస్తాండా."

ఆ తప్పును వారంలో సరిచేశాం. సదుపాయం అనుకున్న రోజుకే ఆసుపత్రులకు వెళ్ళింది.

సార్ ఇప్పుడు కర్నూలులో ఇంజినీరింగు విద్యార్థులకు పాఠాలు చెబుతున్నారు. ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. ప్రతి ప్రణాళికా సమావేశం ముగిసే ముందు, "చెబుదామనుకుని ఆగిపోయిన మాట ఎవరి దగ్గరైనా ఉందా?" అని అడుగుతాను. ఆ తర్వాత వచ్చే మౌనం మొదట్లో భరించలేనంత పొడవుగా అనిపించేది. ఇప్పుడు తొందరపడకుండా నిలబడగలను. మొన్న కూడా ఇక ఎవరూ మాట్లాడరనుకున్నాక, వెనక వరుసలోంచి నసీమా అనే టెస్టర్ మెల్లగా లేచింది. ప్రణాళికలో ఆమె చూపించిన పొరపాటు సరిదిద్దేదాకా మాలో ఎవరూ ఇంటికి బయలుదేరలేదు.